అణుభౌతిక శాస్త్రవేత్త ప్రొఫైల్లోంచి నా ఐసీయూ పేపర్లు బయటికి తెచ్చుకున్న తీరు

2024 జనవరిలో అసోసియేట్ ప్రొఫెసర్ పదోన్నతి ఫైలు కోసం కాలేజీ లైబ్రరీలో పరిశోధన పేపర్ల డేటాబేసు నుంచి నా ప్రచురణల జాబితా తీయించాను. 70కి పైగా పేపర్లు, హెచ్-ఇండెక్స్ 19 (కనీసం 19 సార్లు ఉదహరింపు పొందిన పేపర్లు 19) అని వచ్చింది. అందులో నావి 11. మిగిలినవన్నీ ఎవరో అణుభౌతిక శాస్త్రవేత్తవి: గామా కిరణాల అటెన్యుయేషన్ (పదార్థం గుండా వెళ్తూ బలం తగ్గడం), న్యూట్రాన్ చర్యల క్రాస్ సెక్షన్లు (చర్య జరిగే అవకాశానికి కొలత), భారీ అయాన్లు ఢీకొన్నప్పటి కొలతలు. నేను చేసే పని ఐసీయూలో అల్ట్రాసౌండ్: ఊపిరితిత్తుల్లో బి-లైన్లు (నీరు చేరినప్పుడు కనిపించే గీతలు) చూడడం, ఐవీసీ (గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) కొలవడం, ఆప్టిక్ నర్వ్ షీత్ (కంటి నరం తొడుగు) వెడల్పు చూసి తలలో ఒత్తిడి అంచనా వేయడం. కణాల వేగం పెంచే సైక్లోట్రాన్‌ని ఫొటోలో తప్ప చూసింది లేదు.

"ఉండనివ్వండి మేడమ్, 19 అంటే ఎవరు కాదంటారు?" అన్నారు ఒకరిద్దరు. అలా ఉంచడానికి వీల్లేదు. ఫైలులో జాబితా కింద "ఇవన్నీ నావే" అని సంతకం పెట్టాలి. అప్పుడు అమల్లో ఉన్న ఎన్.ఎం.సి. (జాతీయ వైద్య కమిషన్) 2022 నాటి అధ్యాపక అర్హతల నిబంధనల ప్రకారం అసోసియేట్‌కి కావలసింది రెండు పేపర్లే. మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, స్కోపస్, డీఓఏజే లాంటి సూచీల్లో ఉన్న జర్నళ్ళలో రావాలి, మొదటి ముగ్గురు రచయితల్లో ఒకరమో, కరెస్పాండింగ్ ఆథరో (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) అయి ఉండాలి అన్నది అప్పటి నియమం. అంటే ఆ 60 పేపర్లతో నాకు ఒరిగేది ఏమీ లేదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం వేరొకరి పని తనదని చెప్పుకుందన్న మాట మిగులుతుంది. ఆ వారం నిద్ర సరిగా పట్టలేదన్నది నిజం.

డేటాబేసు మా ఇద్దరినీ ఒకే ప్రొఫైల్లో ఎందుకు కలిపేసిందో ముందు తేల్చుకోవాలి. కారణం తెలియకుండా సవరణ అడిగితే మళ్ళీ కలిసిపోతుంది.

మొదటి కారణం పేరు. ఆ శాస్త్రవేత్త ఇంటిపేరు, నా ఇంటిపేరు ఒకటే, ఇద్దరి ఇనిషియల్సూ వి.ఎల్. ఇనిషియల్స్ మాత్రమే అచ్చయిన చోట ఆడో మగో కూడా తెలియదు. పైగా నా 11 పేపర్లలో నా పేరు మూడు రకాలుగా ఉంది. కొన్నింట్లో ఇంటిపేరు చివరిపేరుగా, కొన్నింట్లో నా పేరులోని రెండో ముక్క చివరిపేరుగా, రెండింట్లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ళకు ఈ బాధ మామూలే. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక వరస, పాస్‌పోర్టులో ఒక వరస, జర్నల్లో ఇంకో వరస.

రెండో కారణం ఊరు. ఆయన డాక్టరేట్ చేసింది విశాఖలో, నేను పనిచేసేదీ విశాఖలోనే. విశాఖలో అణుభౌతిక పరిశోధన ఈనాటిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద పేరుమీదే అక్కడి ప్రయోగశాలలు ఉన్నాయి. కాబట్టి ఈ ఊళ్ళో న్యూక్లియర్ పేపర్లకు కొదవ లేదు.

మూడోది, నా లెక్కలో అసలైనది, ఫాంటమ్, అంటే శరీర కణజాలాన్ని పోలిన నమూనా. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం) వేయడం జూనియర్లకు నేర్పడానికి జెలటిన్‌లో ఇసబ్‌గోల్ పొట్టు కలిపి, మధ్యలో రబ్బరు గొట్టాలు పెట్టి మేం ఒక నమూనా చేశాం. అందులో అల్ట్రాసౌండ్ అటెన్యుయేషన్ ఎంతో కొలిచి పేపరు రాశాం. మెత్తటి కణజాలంలో అది సెంటీమీటరుకు, మెగాహెర్ట్జ్‌కు సుమారు 0.5 డెసిబెల్. ఆయన పేపర్లలో కొన్ని సీజియం-137 నుంచి వచ్చే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల గామా కిరణాలు కణజాలాన్ని పోలిన పదార్థాల్లో ఎంత తగ్గుతాయో కొలిచినవి. మాకు డెసిబెల్స్, వాళ్ళకు గ్రాముకు చదరపు సెంటీమీటర్లు. కానీ "ఫాంటమ్", "అటెన్యుయేషన్", "జెలటిన్", "టిష్యూ ఈక్వివలెంట్" అన్న కీవర్డులు రెండు చోట్లా ఉన్నాయి. పేరు ఒకటి, ఊరు ఒకటి, కీవర్డులు ఒకటైతే యంత్రం ఒక్క మనిషే అనుకోవడంలో వింతేముంది? ఆ వంతెన మీదుగా మిగతా పది పేపర్లూ అటు నడిచిపోయి ఉంటాయి. ఇంకో తమాషా ఏమిటంటే ఆయన పేపరొకటి మా ఫాంటమ్ పేపరును ఉదహరించింది. ఇద్దరం ఒకటే అయ్యేసరికి అది సెల్ఫ్ సైటేషన్ (తన పేపరును తానే ఉదహరించడం) కింద పోయింది.

జనవరిలోనే ఎక్సెల్‌లో ఒక పట్టిక వేశాను. ఒక్కో పేపరుకు ఒక్కో వరస: శీర్షిక, డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు), పబ్‌మెడ్ (వైద్య పేపర్ల సూచీ) నంబరు, పీడీఎఫ్‌లో నా పేరు అచ్చయిన తీరు, రచయితల్లో నా స్థానం, అప్పటి సంస్థ పేరు, పేపరు రకం. చివరి గడి ముఖ్యం. ఎన్.ఎం.సి. నిబంధన ఒరిజినల్ పేపర్లు, మెటా అనాలిసిస్‌లు, సిస్టమాటిక్ రివ్యూలు, కేస్ సిరీస్‌లనే లెక్కించేది. ఒంటరి కేస్ రిపోర్టులు, ఎడిటర్‌కి రాసిన ఉత్తరాలు లెక్కలోకి వచ్చేవి కావు. నా 11లో నాలుగు అలా పోయాయి.

తర్వాత ఇంకో గడి కలపాల్సి వచ్చింది: డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ రికార్డులో నా పేరు ఎలా ఉంది. బ్రౌజర్లో ఏపీఐ.క్రాస్‌రెఫ్.ఆర్గ్/వర్క్స్/ అని కొట్టి దాని పక్కనే డీఓఐ అతికిస్తే, ప్రచురణకర్త ఆ పేపరు గురించి దాఖలు చేసిన వివరాలన్నీ కనిపిస్తాయి. అందులో ప్రతి రచయితకీ "గివెన్", "ఫ్యామిలీ" అని రెండు గళ్ళు ఉంటాయి. పీడీఎఫ్‌లో పేరు చక్కగా ఉన్న మూడు పేపర్లకు ఇక్కడ ఆ గళ్ళు తారుమారై ఉన్నాయి. డేటాబేసులు చదివేది పీడీఎఫ్‌ని కాదు, ఈ గళ్ళనే. పేపరు సమర్పించేటప్పుడు కరెస్పాండింగ్ ఆథర్ పోర్టల్లో మిగతావాళ్ళ పేర్లు టైపు చేస్తారు చూడండి, ఆ గళ్ళలో పడ్డదే చివరిదాకా వెళ్తుంది. ప్రూఫ్ వచ్చినప్పుడు అందరం పేజీ మీది పేరు చూసి "ఓకే" అంటాం. వెనక గడిలో ఏముందో చూసేవాళ్ళు లేరు.

తర్వాత ఆర్కిడ్, అంటే ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. డేటాబేసుకు సవరణ పంపే ముందే ఇది సరిచేసుకోవాలి, ఎందుకంటే అక్కడ రుజువుగా చూపేది దీన్నే. ఉచితం. 16 అక్షరాల సంఖ్య, నాలుగేసి చొప్పున. చివరిది సరిచూసే అంకె, అది పదకొండింట ఒకరికి "ఎక్స్" అక్షరంగా వస్తుంది. నాది అలాంటిదే. కాలేజీ వాళ్ళ ఆన్‌లైన్ ఫారం ఆ గడిలో అంకెలే తీసుకునేలా చేశారు, ఎక్స్ కొడితే ఎర్ర గీత. ఫోను చేసి చెబితే కంప్యూటర్ సెక్షన్ కుర్రాడు అదే సాయంత్రం మార్చాడు.

చాలామందికి ఉన్నట్టే నాకూ రెండు ఆర్కిడ్‌లు బయటపడ్డాయి, ఒకటి పాత ఆసుపత్రి ఈమెయిల్‌తో. అకౌంట్ సెట్టింగ్స్‌లో డూప్లికేట్ రికార్డు తీసేసే చోటు ఉంటుంది. రెండో దాని పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది. పాత ఈమెయిల్ పనిచేయకపోతే సహాయ విభాగానికి రాయాలి. తీసేసిన సంఖ్యను ఎవరైనా తెరిస్తే అసలు దానికే దారి మళ్ళుతుంది. కానీ అందులో చేర్చుకున్న పేపర్లు వాటంతటవి ఇటు రావు, ముందే రాసి పెట్టుకోవాలి.

పేపర్లు చేర్చేటప్పుడు చేత్తో టైపు చేయకండి. "సెర్చ్ అండ్ లింక్"లో క్రాస్‌రెఫ్ ద్వారానో, యూరప్ పీఎంసీ ద్వారానో తెచ్చుకోండి. ప్రతి పేపరు కింద అది ఎక్కడినుంచి వచ్చిందో కనబడుతుంది. చేత్తో చేర్చినదాని కింద మన పేరే ఉంటుంది, చూసేవాళ్ళకు అది రుజువు కాదు. "అదర్ నేమ్స్" గడిలో నా పేరు మూడు రూపాలూ రాశాను. ఉద్యోగాల వరసలో సంస్థ, సంవత్సరాలు పెట్టి, అన్నిటినీ "ఎవరీవన్"కి కనపడేలా మార్చాను. దాచిపెట్టిన రికార్డు ఎవరికీ పనికిరాదు. మొత్తం ఒక మధ్యాహ్నం పట్టింది.

ఫిబ్రవరి మొదట్లో అసలు డేటాబేసుకు సవరణ పెట్టాను. ఏ డేటాబేసో పేరు చెప్పను, పద్ధతి మాత్రం అన్నిట్లో ఇంచుమించు ఇదే: ఉచిత ఖాతా తెరిచి, రచయిత పేరుతో వెతికి, మీవనిపించే ప్రొఫైళ్ళన్నీ టిక్కు పెట్టి, ఒక్కో పేపరు పక్కన "నాది", "నాది కాదు" అని గుర్తించి, పోయినవాటిని డీఓఐతో వెతికి చేర్చి, సంస్థ పేరు ఎంచి పంపడం.

ఇక్కడే ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటి ఉంది. 70లో 60 "నావి కాదు" అని పంపాలా, 11 "నావి, వేరే చోట పెట్టండి" అని పంపాలా? తెర మీద చూస్తే మొదటిదే సులువుగా కనిపిస్తుంది. అలా చేస్తే డేటాబేసు ఆ ప్రొఫైల్‌కి ఇచ్చిన రచయిత సంఖ్య నాకు మిగిలి, 60 పేపర్లూ ఆయన పేరు మీద ముక్కలు ముక్కలుగా పడొచ్చు. ఆయన సంఖ్య ఇప్పటికే ఎన్ని గ్రాంట్ దరఖాస్తుల్లో ఉందో. ఎక్కువ ఎవరివో ఆ ఇల్లు వాళ్ళది. నేనే మూట సర్దుకుని బయటికి రావడం న్యాయం. సందేశం గడిలో అదే రాశాను: పలానా 11 డీఓఐలు వేరే వ్యక్తివి, ఆర్కిడ్ ఇదీ, కొత్త ప్రొఫైల్ ఇవ్వండి, పాతదాన్ని కదపకండి.

పంపే ముందు ఆయనకు ఈమెయిల్ రాశాను. తప్పనిసరి కాదు, మర్యాద. మర్నాడే జవాబు: "డాక్టరుగారూ, నా సబ్జెక్ట్ ఏరియాలో మెడిసిన్ అని ఎందుకు చూపిస్తోందో చాన్నాళ్ళుగా అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది." ఆయనా నా 11 డీఓఐలు తనవి కావని అటునుంచి పంపారు. రెండు వైపులా ఒకే మాట వెళ్తే నమ్మకం ఎక్కువ.

ఆయన చెప్పగా తెలిసిన సంగతి: భౌతికం వాళ్ళకు ఈ బెడద వేరే రకం, కాబట్టి వాళ్ళ ఏర్పాట్లూ వేరు. కణ భౌతికం పేపర్లకు ఇన్‌స్పైర్ అనే సూచీ ఉంది, అందులో ఎవరి పేపర్లు వాళ్ళు క్లెయిమ్ చేసుకుంటారు. అణు కేంద్రకం పేపర్లకు బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల నడిపే న్యూక్లియర్ సైన్స్ రెఫరెన్సెస్ ఉంది. అందులో ప్రతి పేపరుకూ ఏడాది, మొదటి రచయిత ఇంటిపేరులో మొదటి రెండక్షరాలు, ఆపైన వరస గుర్తు కలిపి ఒక సంఖ్య ఇస్తారు. పెద్ద ప్రయోగాల్లో రచయితలు వందలు, వేలు. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాల బృందాలు కలిసి వేసిన పేపరుకు 5,154 మంది రచయితలు. దాని 33 పేజీల్లో 24 పేజీలు పేర్లు, సంస్థలే. ఆయనకు అలాంటి పెద్ద బృందపు భారీ అయాన్ల పేపర్లు కొన్ని ఉన్నాయి. నా హెచ్-ఇండెక్స్‌ని 19కి ఎత్తింది చాలావరకు అవే. మొదటి ముగ్గురు రచయితల నిబంధన పెట్టి ఆ పేపర్లను తూస్తే ఏమీ మిగలదు. అక్షరక్రమంలో పేర్లు వేసే చోట మూడో స్థానానికి అర్థమే లేదు. మాకు మాత్రం స్థానమే సర్వస్వం.

సవరణ అందిందని అప్పటికప్పుడే ఒక నంబరుతో ఈమెయిల్ వచ్చింది. ఆ తర్వాత మూడు వారాలు మౌనం. ఫిబ్రవరి చివర చూస్తే 9 పేపర్లతో కొత్త ప్రొఫైల్ వచ్చింది. రెండు పేపర్లు ఎటూ కాకుండా విడిగా ఉన్నాయి, ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించినవి. వాటికి మళ్ళీ సవరణ పెడితే ఇంకో పది పన్నెండు రోజులు. ఈమెయిల్ జాగ్రత్తగా ఉంచుకోండి. రెండోసారి రాసేటప్పుడు పాత నంబరు వేస్తే మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు.

ఈలోగా వాట్సాప్‌లో ఒకాయన దొరికాడు, "ప్రొఫైల్ క్లీనింగ్" ఆరువేలట. పాస్‌వర్డ్ ఇవ్వమన్నాడు. ఉచితంగా అయ్యే పనికి డబ్బు అడిగినా పోనీ, పాస్‌వర్డ్ అడిగినవాడికి ఆర్కిడ్ అప్పగించడమంటే సంతకం చేసిన తెల్లకాగితం ఇవ్వడమే.

అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్నది ప్రచురణకర్తలతో వ్యవహారం. డేటాబేసు మార్చినా, మూలంలో గళ్ళు తారుమారుగా ఉన్నంతకాలం తప్పు మళ్ళీ మొలుస్తుంది. ఇక్కడ రెండు దారులు. పీడీఎఫ్‌లో పేరు సరిగా ఉండి, వెనక గళ్ళు మాత్రమే తప్పయితే అది సాంకేతిక సవరణ. ప్రచురణకర్త క్రాస్‌రెఫ్‌కి వివరాలు మళ్ళీ దాఖలు చేస్తే చాలు, ఎర్రేటం (జర్నల్లో అచ్చయ్యే తప్పొప్పుల ప్రకటన) అక్కర్లేదు. పీడీఎఫ్‌లోనే తప్పుంటే ఎర్రేటం అచ్చవ్వాలి. దానికి కరెస్పాండింగ్ ఆథర్ రాయాలి, మిగతా రచయితలంతా ఈమెయిల్లో సరేననాలి. మొదటి రకానికి నేను రాసిన ఉత్తరంలో "ఎర్రేటం వద్దు, గివెన్, ఫ్యామిలీ గళ్ళు మార్చి క్రాస్‌రెఫ్‌కి తిరిగి దాఖలు చేయండి" అన్న వాక్యం పెట్టాక పని కదిలింది. అంతకుముందు ఎడిటోరియల్ ఆఫీసు వాళ్ళు రచయితను మార్చమంటున్నానేమో అనుకుని ఎథిక్స్ ఫారం పంపారు. మూడింట్లో రెండు మార్చిలో అయ్యాయి. మూడోది జూన్‌కి గానీ కాలేదు.

పబ్‌మెడ్‌లో కూడా ఇదే కథ. అక్కడి వివరాలు ప్రచురణకర్త పంపినవే, దిద్దాల్సిందీ వాళ్ళే. మనం నేరుగా రాసినా వాళ్ళనే అడగమంటారు. మన పేపర్లలో ఆర్కిడ్ ఎక్కిందో లేదో చూడాలంటే, వెతుకు గడిలో సంఖ్య కొట్టి పక్కన చదరపు బ్రాకెట్లలో ఏయూఐడీ అని పెట్టాలి. నావి 11లో మూడే వచ్చాయి. మిగతావాటికి ఇక రావు, అచ్చయిన పేపరుకు ఆర్కిడ్ తగిలించడానికి చాలా జర్నళ్ళు ఒప్పుకోవు. సమర్పించేటప్పుడో, రివిజన్‌లోనో ఎవరికి వారు తమ ఆర్కిడ్‌లోకి లాగిన్ అయి కలపాలి. మన తరఫున ఇంకొకరు టైపు చేస్తే చెల్లదు.

గూగుల్ స్కాలర్ మన చేతిలోనే ఉంటుంది కాబట్టి అరగంట పని. పేపర్లు చేర్చేటప్పుడు అది పేరు పోలికతో గుంపులు చూపిస్తుంది. గుంపు మొత్తాన్ని టిక్కు పెట్టకుండా ఒక్కో పేపరే ఎంచుకోవాలి. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ చేర్పు తీసేసి, ఈమెయిల్ పంపి అడిగేలా పెట్టుకోవాలి. ఒకే పేపరు రెండుసార్లు కనబడితే రెంటినీ ఎంచి "మెర్జ్" కొట్టాలి, ఒకటి తీసేస్తే దాని సైటేషన్లు పోతాయి.

పాత రచయిత సంఖ్య ఎక్కడెక్కడ రాసి ఉందో గుర్తు చేసుకోవడం ఇంకో పని. ఆర్కిడ్‌లోని లింకు, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి విద్వాన్ (దేశంలోని అధ్యాపకులు, పరిశోధకుల వివరాలుండే వేదిక) ప్రొఫైల్, కాలేజీ వెబ్ పేజీ, ఒక పాత ప్రాజెక్టు దరఖాస్తు. విద్వాన్‌లో పాత సంఖ్య ఉంటే అణుభౌతికమంతా మళ్ళీ అక్కడికి దిగుతుంది.

ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. పేరు మూడు రూపాల్లో ఉన్నది ఒకరిదేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్, నోటరీ, జిరాక్సులు, పీడీఎఫ్ మొదటి పేజీల కలర్ ప్రింట్లు. అఫిడవిట్ డేటాబేసు అడగలేదు, కాలేజీ అడిగింది.

ఏప్రిల్‌లో కమిటీ ముందు పెట్టిన జాబితాలో 11 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 5. అది చూసి కాస్త చివుక్కుమంది. నాది కాదని తెలిసిన 19 పోయినందుకు బాధేమిటని నాకే నవ్వొచ్చింది. ఆ కొలత కనిపెట్టిన హిర్ష్ కూడా భౌతిక శాస్త్రవేత్తే, 2005లో. కమిటీలో ఒక పెద్దాయన పాత ప్రింటు కూడా తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టారు. సవరణ నంబరున్న ఈమెయిల్, ఆర్కిడ్ ప్రింటు, ఆ శాస్త్రవేత్త జవాబు వరసగా చూపించాను. ఫాంటమ్ పేపరులో రచయితల్లో నా స్థానం ఎంత అని అడిగారు, రెండోది అన్నాను. లంగ్ అల్ట్రాసౌండ్ పేపరులో మొదటిది. ఆ రెండింటికీ టిక్కు పెట్టి తర్వాతి ఫైలు తీశారు.

జూన్‌లో మూడో జర్నల్ గళ్ళు సరిచేసిన వారానికి డేటాబేసులో ఆ పేపరు మళ్ళీ కదిలింది, ఈసారి ఎవరికీ చెందని కొత్త ప్రొఫైల్లోకి. ఇంకో సవరణ పెట్టాను, పది రోజుల్లో ఇటు వచ్చింది. ఇప్పుడు నా పేరు, ఆయన పేరు రెండింటికీ అలర్ట్ పెట్టుకున్నాను. ఆయనకు న్యూట్రాన్ పేపరు వచ్చినప్పుడల్లా నాకూ ఈమెయిల్ వస్తుంది.